ఫ్రీగా ఉన్నావా?

నేను చేసేది లోకలైజేషన్ పని. యాప్‌లలో, వెబ్‌సైట్లలో కనిపించే ఇంగ్లీషు మాటలు స్పానిష్‌లోకి వెళ్లాక సరిగ్గా కుదిరాయో లేదో చూస్తాను. అప్పుడప్పుడు తెలుగు ఫైళ్లు కూడా నా దగ్గరికే వస్తాయి. ఎక్సెల్ షీటులో ఒక్కో గడిలో ఒక్కో మాట ఉంటుంది, దాని చుట్టూ వాక్యం ఉండదు. అది ఏ బటన్ మీద పడుతుందో, ఎవరు ఎవరితో అంటున్న మాటో ఎవరూ చెప్పరు. అలా ఒంటరిగా వచ్చే మాటల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది ‘ఫ్రీ’. ఇంగ్లీషులో నాలుగక్షరాలు, తెలుగులో రాస్తే ఒక్కటే.

డబ్బు కట్టక్కర్లేదు అని చెప్పాలంటే స్పానిష్‌లో ‘గ్రాతిస్’. ఫోన్‌లో ఇంకా ఎంత చోటు మిగిలిందో చెప్పాలంటే ‘లిబ్రే’. షుగర్ ఫ్రీ బిస్కెట్టు ‘సిన్ అసూకర్’, అంటే చక్కెర లేకుండా. ఫ్రీ సైజు నైటీ ‘తాయా ఊనికా’, ఒకటే కొలత. ఆరుబయట కూర్చుంటే ‘అల్ ఐరే లిబ్రే’. ఛందస్సు లేని కవిత్వాన్ని వాళ్లు ‘వెర్సో లిబ్రే’ అన్నారు, మనం స్వేచ్ఛ ఊసెత్తకుండా వచన కవిత అనేసి ఊరుకున్నాం. జుట్టు విరబోసుకుంటే ‘పెలో సుయెల్తో’, వదిలేసిన జుట్టు. దాన్ని ‘ఫ్రీ హెయిర్’ అనడం మాత్రం ఇంగ్లీషువాళ్ల అలవాటు కాదు, మనదే. ‘మోషన్ ఫ్రీగా అవుతోందా?’ అని డాక్టరు అడిగేదీ మనదే. ఎప్పుడు చూసినా నాలుగు బండ్లు అడ్డంగా నిలబడి ఉండే మన ‘ఫ్రీ లెఫ్ట్’ని స్పానిష్‌లోకి ఎలా తేవాలో మాత్రం నాకు తెలీదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా.

ఇలా ఎన్ని చెప్పుకున్నా, బరువైన తేడా మొదటి రెండిటి మధ్యే. గ్రాతిస్, లిబ్రే. వెల లేనిది, కట్టు లేనిది. స్పానిష్‌లో ఈ రెండూ మామూలుగా కలిసిపోవు. ఇంగ్లీషులో కలిసిపోవడం వల్ల ఒక ఉద్యమమే ఇబ్బంది పడింది. 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు, రెండేళ్లకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. ఒక ప్రోగ్రాంని వాడేవాళ్లకి దాన్ని విప్పి చూసే, మార్చుకునే, నలుగురికీ పంచే హక్కు ఉండాలన్నది ఆయన మాట. జనం విన్నది మాత్రం, డబ్బులు కట్టక్కర్లేదట అని. నేను మాట్లాడేది వాక్‌స్వాతంత్ర్యంలో ఉన్న ఫ్రీ గురించి, బారులో ఊరికే పోసే బీరు గురించి కాదు అని ఆయన ఏళ్ల తరబడి విడమరచి చెప్పుకోవలసి వచ్చింది. కొంత ఈ గందరగోళం వల్లా, కొంత కంపెనీలకు ఆ మాట రుచించదనీ, 1998లో కొందరు ‘ఓపెన్ సోర్స్’ అనే కొత్త పేరు పెట్టుకున్నారు. ఇంకొందరు పక్క భాషల్లోంచి లిబ్రేని అప్పు తెచ్చుకున్నారు. 2010లో పుట్టిన లిబ్రేఆఫీస్ పేరులో ఉన్నది ఆ అప్పే.

మనకి ఆ అప్పు అవసరం పడలేదు. గచ్చిబౌలిలో ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ పేరు ‘స్వేచ్ఛ’. తెలుగులో వాడుకునేలా వాళ్లు తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టం పేరూ అదే. స్వ, ఇచ్ఛ. ఎవరి ఇష్టం వాళ్లది అని. అందులో డబ్బు ప్రసక్తే లేదు కాబట్టి బీరు గురించి ఎవరికీ వివరణ ఇచ్చుకోనక్కర్లేదు.

అయితే మన రెండో మాట ఇంకా విచిత్రమైనది. గ్రాతిస్ అన్న చోట తెలుగు ఫైల్లో ‘ఉచితం’ అని రాస్తాం. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. ఉచితానుచితాలు, సముచితం, ఔచిత్యం, ఇవన్నీ ఆ ఇంటివే. పదకొండో శతాబ్దంలో కశ్మీరులో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని వాదిస్తూ ‘ఔచిత్య విచార చర్చ’ రాశాడు. ఆ ఔచిత్యమూ, ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అని షాంపూ సీసా మీద అచ్చేసిన మాటా చుట్టాలే. గ్రాతిస్ సంగతి వేరు. దాని వెనక ఉన్నది లాటిన్ ‘గ్రాతియా’, అంటే దయ, అనుగ్రహం. స్పానిష్‌లో థాంక్స్ చెప్పే ‘గ్రాసియాస్’ కూడా దాని బిడ్డే. అంటే గ్రాతిస్‌గా ఇచ్చినవాడు డబ్బు అడగడు గానీ దణ్ణం అడుగుతాడు. ఉచితంలో ఆ దణ్ణం లేదు. ఇది నీకు తగును, తీసుకో అన్నంతే. అనుగ్రహమూ కాదు, కృతజ్ఞతా అక్కర్లేదు. ఇంత మర్యాద ఉన్న మాట మనకి ఉంది. దాన్ని మనం ఏం చేశామన్నదే నాకు కష్టం కలిగించే విషయం.

‘ఉచితాలు’ చేశాం. బహువచనం తగిలించి తిట్టుగా మార్చేశాం. ఎన్నికలొస్తే చాలు, పేపర్లలో ‘ఉచితాలు అనుచితం’ అన్న శీర్షిక ఏదో ఒక మూల కనబడుతుంది. అక్షరాలా చదివితే తగినవి తగవు అని అర్థం. ఈ చర్చ కొత్తదేం కాదు. మేనిఫెస్టోలో ఇలాంటి హామీలివ్వడం ఎన్నికల అక్రమం కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో చెప్పింది. 2022లో ప్రధాని రేవడీ సంస్కృతి అన్నాక మళ్లీ రగిలింది. ఆ రేవడీ అంటే నువ్వుల మిఠాయి, పంచిపెట్టే తీపి. అదే ఏడాది కోర్టు ఆ విషయాన్ని ముగ్గురు జడ్జీల బెంచికి పంపింది. వాదోపవాదాల్లోకి నేను వెళ్లను. ఒక్క మాట గురించే నా పేచీ. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల లాభాల మీద 2011 మార్చి దాకా కంపెనీలకు ఆదాయపన్ను మినహాయింపు ఉండేది. దాన్ని మనం ‘టాక్స్ హాలిడే’ అన్నాం. సెలవు! ఎంత ముచ్చటైన మాట. తక్కువ ధరకు ఇచ్చిన భూమి ‘ప్రోత్సాహకం’. మధ్యాహ్నం ఫుడ్‌కోర్టులో కూపన్ మీద తినేది ‘బెనిఫిట్’. ఉచితం అన్న పేరు మాత్రం బియ్యానికీ, కరెంటుకీ, బస్సు టికెట్‌కీ మిగిలింది.

బస్సు దగ్గరికే వద్దాం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, జిల్లాలకు వెళ్లే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఈ రాష్ట్రపు ఆడవాళ్లు డబ్బివ్వక్కర్లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్ ఇస్తాడు, ఆ సొమ్ము ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాలి. మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర దీని మీద వినని మాట లేదు. ‘పనీపాటా లేకుండా తిరుగుతున్నారు.’ ‘ఒకామె ఊరికే ఎక్కి ఊరికే దిగుతుందట.’ అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది ఆ ‘ఊరికే’. టీవీలో ఒక నగల దుకాణం పెద్దమనిషి డబ్బులు ఎవరికీ ఊరికే రావని ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు, ఆయన మాట కూడా ఈ టేబుల్ మీదికి వస్తుంది.

ఊరికే అన్నది నిజానికి ఇంగ్లీషు ఫ్రీకి మన భాషలో అతి దగ్గరి చుట్టం. ఊరికే ఇచ్చాడు అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. ఊరికే కూర్చున్నా అంటే ఖాళీగా ఉన్నా. ఊరికే వచ్చా అంటే కారణమేమీ లేదు, రావాలనిపించింది వచ్చా. గ్రాతిస్సూ, తీరికా, మనసుకి తోచిందీ, మూడూ ఒకే మాటలో. మా భీమవరం వైపు ఊరికే అంటాం, ఇక్కడ ‘ఉత్తగ’ అంటారు.

ప్రగతి నగర్‌లో మా ఇంట్లో వంట చేసే అక్కది నర్సాపూర్ దగ్గర ఊరు. మెదక్ జిల్లా నర్సాపూర్, మా నరసాపురం కాదు. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది, ఎవరు పెద్దో తేల్చుకోలేదు. ఒక సోమవారం అడిగాను, నిన్న ఎక్కడికెళ్లావ్, కనబడలేదు అని.

“ట్యాంక్‌బండ్ పోయిన అక్కా.”

“ఎవరన్నా వచ్చారా ఊరి నుంచి?”

“ఎవలు రాలే. ఉత్తగనే పోయిన. గంటసేపు కూసున్న, బుద్ధుని చూసిన, మళ్ల బస్సెక్కిన.”

ఆమె ఈ నగరానికి వచ్చి పదేళ్లు దాటింది. అంతకుముందు ఎప్పుడూ చూడలేదా అంటే, చూడలేదంది. ఎందుకు అన్నాను. “టికెట్ పెట్టుకొని ఉత్తగ ఎవలు పోతరు?”

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పెళ్లికైతే డబ్బు పెట్టి వెళుతుంది, ఆస్పత్రికైతే వెళుతుంది, అమ్మకి బాగోలేదంటే అప్పు చేసి వెళుతుంది. కారణం ఉన్న ప్రయాణాలకు ఎలాగోలా డబ్బు దొరుకుతుంది. దొరకనిది కారణం లేనిదానికి. మన లంచ్ టేబుల్ మీద ఎగతాళి అయిన ‘ఊరికే ఎక్కి ఊరికే దిగడం’ అదే. వీకెండ్‌లో కారణం లేకుండా కారు తీసి వికారాబాద్ దాకా వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లం దాన్ని ఎగతాళి చెయ్యడం నాకు మింగుడుపడదు. మనం చేస్తే లాంగ్ డ్రైవ్.

స్టాల్మన్ తన పనికి గీసుకున్న గీత సరైనదే, గ్రాతిస్ వేరు లిబ్రే వేరు. కానీ ఆ గీతను బతుకుల మీదికి తెచ్చి, డబ్బు లేకుండా ఇచ్చేది స్వేచ్ఛ కాదులే అనేస్తే పొరపాటు. డబ్బు కట్టక్కర్లేనిది స్వేచ్ఛ అవుతుందా కాదా అన్నది వెలను బట్టి తేలదు, ఎక్కడ దిగాలో ఎవరు నిర్ణయిస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. 2015లో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఆరు రాష్ట్రాల్లో ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ తెచ్చింది. అందులో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి, తెలుగులో కూడా వచ్చింది. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. డేటా డబ్బులు పడవు, కానీ వాళ్లు ఎంచిన సైట్లే చూడాలి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇలాంటి వివక్ష టారిఫ్‌లు కుదరవంది, కొద్ది రోజులకే ఫ్రీ బేసిక్స్ ఇక్కడ మూతపడింది. అది పూర్తిగా గ్రాతిస్, లిబ్రే అసలు కాదు. మా ఆఫీసు క్యాబ్ కూడా ఆ బాపతే. పైసా కట్టను, ఏసీ ఉంటుంది. కానీ ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప ఇంకెక్కడా ఆగదు. ఆమె సున్నా టికెట్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆగింది.

ఇదేదో పథకానికి హారతి పట్టడం అనుకోకండి. పొద్దున ఎనిమిదిన్నరకు ఇటువైపు బస్సెక్కితే స్పానిష్ పాఠం ఒకటి బాగా అర్థమవుతుంది: సీటు గ్రాతిస్సే, కానీ లిబ్రే కాదు. ఫ్రీ సీటు ఫ్రీగా ఉండదు. రద్దీకి సరిపడా బస్సులు వెయ్యకపోతే పథకం టికెట్ దగ్గరే ఆగిపోతుంది. ఆటోవాళ్ల సంగతి ఇంకా బరువైనది. పథకం మొదలైన కొద్ది వారాలకే వాళ్లు రోడ్డెక్కారు. స్పెయిన్‌లో టాక్సీలో ఎవరూ లేకపోతే పచ్చదీపం వెలుగుతుంది, అద్దం దగ్గర లిబ్రే అని బోర్డు కనబడుతుంది. ఎక్కేవాళ్లకి అది శుభవార్త. డ్రైవరుకి ఆ దీపం ఎంతసేపు వెలిగితే అంత నష్టం. జేఎన్టీయూ దగ్గర షేర్ ఆటో నడిపే ఒకాయన, ‘బండి ఖాళీగానే తిరుగుతుంది మేడం’ అన్నాడు. ఆయన ఖాళీ ఆమె ఉత్తగకి ఒక ధర. ఆ ధర ఆమె దగ్గర కాదు, ప్రభుత్వం దగ్గర వసూలు చెయ్యాలని నా అభిప్రాయం. కానీ ధర లేదని అనలేను.

ఖాళీ అంటే మా ఉద్యోగాల్లోనూ భయమే. స్పానిష్‌లో ఉండటానికి రెండు క్రియలున్నాయి. ‘ఎస్తార్’ ప్రస్తుతం ఉన్న స్థితికి, ‘సెర్’ స్వతహాగా ఏమిటో చెప్పడానికి. ‘ఎస్తాస్ లిబ్రే?’ అంటే ఇప్పుడు తీరికగా ఉన్నావా. ‘ఎరెస్ లిబ్రే?’ అంటే నువ్వు స్వేచ్ఛ ఉన్న మనిషివేనా. ఇంగ్లీషులో రెండూ ‘ఆర్ యూ ఫ్రీ?’ నే. తెలుగులో మొదటిదానికి ‘ఫ్రీగా ఉన్నావా’ అని ఆ ‘గా’ అతికించి సరిగ్గానే అంటాం, రెండోది అడగం. హైటెక్ సిటీలో రోజుకి పదిసార్లు టీమ్స్‌లో వచ్చేది మొదటి ప్రశ్న. క్యాలెండర్లో ఫ్రీ అని కనబడే గంట నాది కాదు, ఎవరైనా తీసేసుకోవచ్చని అర్థం. సీ లాంగ్వేజీలో మెమరీని ఫ్రీ చెయ్యడం కూడా అదే, వెనక్కి ఇచ్చెయ్యడం. ఇక బెంచ్ మీద కూర్చున్నవాడు ఈ మొత్తం కారిడార్‌లో అందరికన్నా ఫ్రీగా ఉన్నవాడు, రాత్రి నిద్ర పట్టనివాడూ వాడే.

ఆడవాళ్ల విషయంలో ఈ మాటకి ఇంకో మలుపు ఉంది. ‘వాడు అందరితో ఫ్రీగా ఉంటాడు’ అంటే కలుపుగోలు మనిషి అని. ‘ఆ అమ్మాయి అందరితో బాగా ఫ్రీ’ అన్నప్పుడు గొంతు మారుతుంది. స్పానిష్‌కీ ఈ జబ్బు ఉంది. ‘ఓంబ్రే పూబ్లికో’ అంటే ప్రజాజీవితంలో ఉన్నవాడు, ‘ముహేర్ పూబ్లికా’ అంటే పాతకాలం నుంచీ వేశ్య. బహుశా అందుకే 1936లో స్పెయిన్ అనార్కిస్టు స్త్రీలు తమ సంఘానికి వెనకాడకుండా ‘ముహేరెస్ లిబ్రెస్’ అని పేరు పెట్టుకున్నారు, స్వేచ్ఛాస్త్రీలు. ఓల్గా తన నవలకి ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టినప్పుడూ తెలుగులో ఆ మాట ఆడదాని పక్కన చేరితే ఎలా వినిపిస్తుందో ఆమెకు తెలియకపోదు. మా అక్క ట్యాంక్‌బండ్ వెళ్లొచ్చిన సంగతి వాళ్లాయనకి చెప్పలేదట. డబ్బు ఖర్చు కాలేదు కాబట్టి లెక్క చెప్పే పని పడలేదు. నాకు తెలిసి ఏ ప్రభుత్వ నివేదికలోనూ ఈ లాభం రాదు.

ఇంగ్లీషు ఫ్రీ పుట్టుక చెప్పకుండా వదలబుద్ధి కావట్లేదు. దాని వేరు, సంస్కృతంలో ‘ప్రియ’ వేరు ఒకటే. ఫ్రెండ్ కూడా ఆ వేరు నుంచే వచ్చింది. ఆ పాత జర్మానిక్ జాతుల ఇళ్లల్లో ప్రియమైనవాళ్లంటే ఇంటివాళ్లు, ఇంటివాళ్లు కానివాళ్లు బానిసలు. అలా ప్రియమైన అన్నది మెల్లగా బానిస కాని అన్న అర్థానికి వచ్చింది. ఒంటరిగా, ఎవరికీ చెందకుండా ఉండటం కాదు ఫ్రీ అంటే. ఒక ఇంటికి చెంది ఉండటం. తమాషా ఏమిటంటే మన బజార్లో ‘ఉల్లిపాయలు ప్రియమయ్యాయి’ అంటే ధర మండిపోతోందని. ఒకే వేరు అక్కడ వెల లేనిదైంది, ఇక్కడ వెల పెరిగినదైంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకం స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. స్వాతంత్ర్య దినోత్సవం రోజున ఉచిత టికెట్, లిబ్రే గ్రాతిస్ ఒకే తేదీన. నా ఆధార్‌లో ఇప్పటికీ భీమవరం అడ్రసే ఉంది. కాబట్టి అక్కడ నేను ఇంటిమనిషిని. ఇక్కడ ఎనిమిదేళ్లుగా అద్దె కడుతున్నా, అంబీర్ చెరువు గట్టున నడుస్తున్నా, కండక్టరు దృష్టిలో కాదు. రెండు ప్రభుత్వాలూ తమ ఇంటివాళ్లకే ఇస్తాయి, అందులో తప్పుపట్టడానికి పెద్దగా లేదు. ఆ గీత మాత్రం ఉంది.

పోయిన వారం అక్క యాదగిరిగుట్ట వెళదాం రమ్మంది. ఉత్తగనే, పొద్దున పోయి సాయంత్రం వచ్చేద్దామంది. నాకు టికెట్ పడుతుంది, నా ఆధార్ ఇక్కడిది కాదు అన్నాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే, “గంతేనా? నీ టికెట్ నేను తీసుకుంట తియ్యక్కా,” అంది.